బురుజు, నాలుగో కూర్పు

నల్లగొండ గడియారం సెంటర్ల
జిరాక్సు షాపు మీది గది.
కింద ఆధార్ కార్డులు రెండు దిక్కులా అచ్చయితుంటయి,
పైన మేం ఓ బురుజు కడుతుంటం.
రాయి మీద రాయి కాదు, చుక్క పక్కన చుక్క.

మొదటి కూర్పుల
వడిసెల తిప్పితే పది పాయింట్లు,
టోపీ కింద పడితే యాభై.
బాగా ఆడింది. వేలు ఆగలే.
పొద్దుగూకేదాకా ఆడి
లేచి, ఎందుకో, సబ్బుతోని చేతులు కడుక్కున్న.

ముస్తఖీం బొమ్మలు గీస్తడు.
శత్రువుకు గడ్డం గీసి, నల్ల టోపీ పెట్టి
పెన్ను పక్కకు పెట్టిండు.
"గిసొంటి టోపీనే మా దాదాది.
తుమ్మలబండలనే బండి తోలెటోడు.
రజాకార్లొచ్చిన రాత్రి
ఇద్దరిని గడ్డివాములో దాచిండట.
మిలిట్రీ వచ్చిన నెలల
బండి కట్టుకొని సంతకు పోయిండు,
ఎడ్లొచ్చినయి, ఆయన రాలే.
ఈయన్ని కొడితే ఎన్ని పాయింట్లు?"

ఫ్యాను తిరిగింది.

రెండో కూర్పుల పాయింట్లు తీసేసినం.
ఆట కుంటింది.
కోడు రాసే వకుళ
"ఇది ఆటనా, సంతాపసభనా?" అన్నది.
ఇద్దరికీ జవాబు దొరకలే.

నాంచారవ్వకు ఎనభై ఏడు, కాకుంటే ఎనభై తొమ్మిది.
ఆ పొద్దు బురుజు మీదున్నోళ్లల్ల
మిగిలింది ఆమె ఒక్కతే.
రికార్డరు ముందు పెడితే
పెద్ద మాటలేం చెప్పలే.
"నేను రాళ్లు ఇసరలే బిడ్డా. మోసిన.
గంప బరువుకు మెడ గుంజేది.
కారప్పొడి కండ్లల్ల పడ్డది, మాదే, గాలి మళ్లింది.
ఒకటికి పోవాలె, పైన జాగ లేదు.
గదంత మీ ఆటల ఉంటదా?"

బరువుకు మా దగ్గర మీట లేదు.
మూడో కూర్పుల గంప పెట్టినం.
ఎత్తుకుంటే నడక నెమ్మదిస్తది,
మెట్లు ఎన్నో లెక్క తప్పుతది,
పైన ఏం జరుగుతున్నదో
మోసేటోళ్లకు చప్పుడే.

బుచ్చిలింగం ఆమె అన్న. పద్నాలుగేండ్లు.
దీపాలు పెట్టకముందే ఒరిగిపోయిండు.
ఆడ తెర నల్లబడుతది. అంతే.
'మళ్లీ ఆడు' మీట తీసెయ్యాలని
మేం ముగ్గురం వారం కొట్లాడి ఒప్పుకున్నం.
'చచ్చినోడు లేవొద్దు, అది మర్యాద' అని
గోడ మీద బొగ్గుతోని రాసుకున్నం కూడా.

తీసెయ్యకముందే ఒకసారి
ఆమెకు చూపెట్టనీకి పోయినం.
మనుమరాలి కొడుకు ఆడుతున్నడు. అన్న ఒరిగిండు.
పోరడు అలవాటుగ మీట నొక్కిండు.
బుచ్చిలింగం లేచి, దుమ్ము దులుపుకొని,
మొదటి మెట్టు కాడ నిలబడ్డడు.

"లేస్తడా?"
అన్నది అవ్వ.

నాలుక పిడచకట్టింది నాకు.
తప్పైంది అవ్వ, తీసేస్తం అన్న.
ఆమె ఫోను గుంజుకున్నది.
కాయలు కాసిన బొటనవేలు,
ఎంత ఒత్తినా తెర పలకదు.
పోరడు ఆ వేలు పట్టి ఆనించిండు.
పడ్డడు. లేచిండు.
పడ్డడు. లేచిండు.
లోపల పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన,
ఎవ్వరం కదలలే.

ఆమె ఏడ్వలే. శానసేపటికి
"అంగీ ఎందుకు తొడిగిన్రు? వానికి అంగేడిది" అన్నది.

నాలుగో కూర్పుల అంగీ లేదు.
నాలుగు రోజులు కూసొని కుట్టిన గుండీలు
ఒక్క గీతకు పోయినయి.
మీట సంగతి ఇంకా తేలలే.
గోడ మీది మాట సగం తుడిచేసినం,
మిగిలిన సగం మీద కరెంటు బిల్లు అతికి ఉన్నది.

ఇంకొకటి కలిపినం.
ఊరి దక్షిణపు మూలకు
మొదటి కోడి కూతప్పుడు ఓ ఎడ్లబండి పోతది.
దాన్ని ఆపలేరు, కొట్టలేరు,
వెంబడి పోనీకి దారి గీయలే.
గిరకల చప్పుడు ఎంతదూరం వినబడాలో
ముస్తఖీం చెవులకు తగిలించుకొని
ఇయ్యాల్టికీ సరిచూస్తనే ఉన్నడు.